సగంలో తెగిపోయే పాట

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు. నల్లకుంటలో ఉంటాం, ఉద్యోగం రాయదుర్గంలో. నాన్న ఆర్టీసీ ముషీరాబాద్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది కాలం చేశారు. వచ్చే నెల సంవత్సరీకం.

నాన్నకు ఘంటసాల అంటే ప్రాణం. 1989లో చిక్కడపల్లిలో ఒక రికార్డింగ్ షాపుకు లిస్టు రాసిచ్చి, 90 నిమిషాల క్యాసెట్ నిండా పాటలు ఎక్కించుకొచ్చారు. ఒకవైపు సినిమా పాటలు, రెండోవైపు పద్యాలు. ప్రతి ఆదివారం పొద్దున్నే కిటికీలో టేప్‌రికార్డర్ పెట్టి, వాకిట్లో స్కూటర్ తుడుచుకుంటూ ఆ క్యాసెట్టే వినేవారు. మొదటివైపు చివరి పాట రెండో చరణంలో తెగిపోయేది, టేపు చాలక. నాన్న పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, క్యాసెట్ తిప్పుతూ మిగతా చరణం తనే పాడేసేవారు. పద్యాలు మొదలవగానే నేనూ చెల్లీ పారిపోయేవాళ్లం.

ఆయన పోయాక ఆ సినిమా పాటలన్నీ ఫోన్‌లో ఎక్కించుకుని రోజూ కార్లో వింటున్నాను. మొదట్లో పాట మొదలైతే చాలు, నాన్న వచ్చి ఎదురుగా నిలబడ్డట్టుండేది. ఏడుపొచ్చేది, కానీ అదో ధైర్యం. ఇప్పుడు అదే పాట మొదలవగానే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నల్ గుర్తొస్తోంది. నాన్న రావడం లేదు. విని విని ఆయన్ని నేనే అరగదీసేశానా అని భయంగా ఉంది.

ఇంట్లో పెడితే అమ్మ "ఆపరా" అని లోపలికి వెళ్లిపోతుంది. నాన్న చివరి రెండు నెలలు మంచంమీద ఉన్నప్పుడు రాత్రిళ్లు తనే ఫోన్‌లో ఈ పాటలు పెట్టేది. సంవత్సరీకం రోజు హాల్లో స్పీకర్ పెట్టి నాన్న పాటలు వేయిద్దామంటే వద్దంటోంది. మా పాపకు పదేళ్లు. మొన్న కార్లో "డాడీ, మళ్లీ ఏడుపు పాటేనా?" అంది. చెల్లి బెంగళూరులో ఉంటుంది, దానికి ఈ పాటల పట్టింపు పెద్దగా లేదు. క్యాసెట్ బీరువాలో ఉంది, పాడైపోతుందేమోనని బయటికి తీయలేదు. ఏం చేయమంటారు?

— పేరు వద్దన్న పాఠకుడు, నల్లకుంట

సమాధానం: మీ నాన్నగారి జ్ఞాపకం ఎక్కడికీ పోలేదండీ. ముందు ఆ భయం తీసేయండి. ఆ పాటకూ ఆయనకూ మధ్య ఉన్న ముడి కాస్త వదులైంది, అంతే. అది ఎందుకు వదులైందో మీ ఉత్తరంలోనే ఉంది. మీరే రాశారు, రాసి దాటి వెళ్లిపోయారు.

ఏదైనా సంఘటన మనసులో పడేటప్పుడు ఒంటరిగా పడదు. ఆ పూట ఎండ, వంటింట్లోంచి వచ్చే వాసన, పక్కన మోగుతున్న పాట, అన్నీ కలిసే పడతాయి. ఎన్నో ఏళ్ల తర్వాత వాటిలో ఏ ఒక్కటి తగిలినా మిగతావి లేచొస్తాయి. ఈ పని పాటకు చాలా బాగా చేతనవుతుంది. ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారు, స్కూటర్లు పాత సామానుకు పోతాయి, మనుషులు మారిపోతారు. రికార్డయిన పాట మాత్రం మీ ఎనిమిదో ఏట ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంటుంది. అదే గొంతు, అదే తబలా, చరణానికి ముందు తీసుకునే అదే ఊపిరి. పైగా ఆ పాటను గుర్తుపెట్టుకోవాలని మీరెప్పుడూ కూర్చోలేదు. ఆడుకుంటుంటే అదే వచ్చి చేరింది. మా ఇంట్లో మధ్యాహ్నం వివిధ భారతి మోగుతూ ఉండేది. ఆ రోజుల పాట ఏది విన్నా ఇప్పటికీ నాకు పప్పు తాలింపు వాసనతో సహా వస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పీటర్ జనాటా అనే శాస్త్రవేత్త ఈ విషయం మీద చాలాకాలం పనిచేశారు. 2007లో ఆయన బృందం కాలేజీ విద్యార్థులకు వాళ్ల చిన్నప్పటి హిట్ పాటల ముక్కలు వినిపించింది. సగటున 30 శాతం పాటలకు ఏదో ఒక సొంత జ్ఞాపకం లేచొచ్చింది. 2009లో 13 మంది విద్యార్థులను మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి మళ్లీ పాటలు వినిపించి చూశారు. నుదుటి వెనక, మెదడు ముందుభాగం మధ్యలో ఉండే ఒక ప్రాంతం పాటనూ దానితో వచ్చిన జ్ఞాపకాన్నీ కలిపి పట్టుకుంటున్నట్టు కనిపించింది. నేను, నావాళ్లు అనే ఆలోచనలు మెదిలేటప్పుడు పనిచేసేది కూడా ఆ ప్రాంతమే. అల్జీమర్స్ జబ్బులో అది మిగతా చాలా భాగాలకన్నా ఆలస్యంగా దెబ్బతింటుంది. కన్నపిల్లల పేర్లు తడుముకునే పెద్దవాళ్లు కూడా చిన్ననాటి పాట వినిపిస్తే ఠక్కున పల్లవి అందుకోవడం మీరు చూసే ఉంటారు. అంత లోతున ఉన్న మనిషిని మీరు కారు ప్రయాణాల్లో చెరిపేయలేరు.

మరి ఎందుకు రావడం లేదంటారా? ఒల్గా వాట్‌కిన్స్, మైకేల్ వాట్‌కిన్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1975లో మాటల జాబితాలతో చేసిన ప్రయోగాల్లో ఒక సంగతి చూపించారు. ఒక ఆనవాలుకు ఎన్ని ఎక్కువ విషయాలు అతుక్కుంటే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా గుర్తుకు లాగే బలం దానికి అంత తగ్గుతుంది. మీ పాటకు జరిగింది అదే. ఇన్నేళ్లూ దానికి అతుక్కుని ఉన్నది ఒక్కటే: ఆదివారం పొద్దు, వాకిలి, నాన్న. పెద్దయ్యాక మీరు దాన్ని పెద్దగా వినలేదు కాబట్టి ఏదీ కలవకుండా అలాగే ఉండిపోయింది. ఈ ఏడాదిలో మీరు దానికి పంజాగుట్ట ఫ్లైఓవర్, ఆఫీసు టెన్షన్, వర్షంలో ఆగిపోయిన ట్రాఫిక్, పక్క సీట్లో పాప మొహం, మీ సొంత కన్నీళ్లు, ఇవన్నీ తగిలించారు. ఒకప్పుడు తిన్నగా మీ ఇంటికే వెళ్లే సందు ఇప్పుడు మెయిన్ రోడ్డు అయింది. ఇల్లు అక్కడే ఉంది, రద్దీలో చేరడమే ఆలస్యమవుతోంది.

ఇంకో కారణం ఉంది. నాకు ఇదే పెద్దదిగా కనిపిస్తోంది. మీ ఇంట్లో ఆ చివరి పాట ఎప్పుడూ ఘంటసాల గొంతులో పూర్తి కాలేదు. రెండో చరణంలో టేపు అయిపోయేది, టక్‌మని మీట పైకి లేచేది, అక్కడి నుంచి నాన్న అందుకునేవారు. మీకు తెలిసిన పాటలో సగం ఘంటసాలది, సగం మీ నాన్నగారిది. ఫోన్‌లో ఉన్నది ఆ పాట కాదు. ఫోన్‌లో పాట తెగదు. సరిగ్గా నాన్న లోపలికి రావలసిన చోట ఘంటసాలే హాయిగా పాడుకుంటూ పోతారు. మీరు ఎదురుచూసే చోట ఎదురుచూసిన మనిషి రాలేదు, రోజూ రాలేదు, నెలల తరబడి రాలేదు. ఇక మనసు ఎదురుచూడటం మానేసింది. ఇందులో మీ తప్పేమీ లేదు.

పాటల వరస కూడా అంతే. ఏళ్ల తరబడి ఒకే క్రమంలో విన్న పాటలకు, ఒకటి అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఆ చిన్న ఖాళీలోనే తర్వాతి పాట తలలో మొదలైపోతుంది. బాగా అలవాటైన వరసలో పాటలు విన్నవాళ్ల మెదడు ఆ నిశ్శబ్దంలో ఊరికే ఉండదని, రాబోయే పాటకు ముందే సిద్ధమవుతుందని 2009లో వచ్చిన ఇంకో పరిశోధన కూడా చెబుతోంది. క్యాసెట్ తరం వాళ్లకు ఇది పరిశోధనలు చెప్పక్కర్లేదు. ఫోన్‌లో ఆ వరస పోయింది. ఒక పాట తర్వాత ఇంకేదో వస్తుంది. మీ దగ్గరున్నది పాటలు మాత్రమే. క్యాసెట్ బీరువాలో ఉండిపోయింది.

కాబట్టి మొదట కార్లోంచి ఆ పాటలు తీసేయండి. ఈ వారమే. కళ్లనిండా నీళ్లతో మెహదీపట్నం రూటైనా జూబ్లీహిల్స్ రూటైనా బండి నడపడం ప్రమాదం, పక్కన పాప కూడా ఉంటోంది. కొన్ని నెలలు వాటి జోలికి పోకండి. వార్తలు వినండి, ఇంకేవైనా పాటలు పెట్టుకోండి. వినకపోతే నాన్నకు దూరమైపోతానేమోనని మొదట్లో బెంగగా ఉంటుంది. ఉండనివ్వండి. ఒక మాట మాత్రం ముందే చెప్పాలి. ఎంత విరామం ఇచ్చినా, ఆయన పోయిన మొదటి వారాల్లో పాట వింటే వచ్చిన ఆ ఉద్ధృతి మళ్లీ రాకపోవచ్చు. అందులో పాట బలమెంతో, పచ్చి దుఃఖం బలమూ అంతే. దుఃఖం కాస్త తగ్గితే నాన్న తగ్గినట్టు లెక్కవేసుకోకండి.

తర్వాత వినాలనిపించినప్పుడు, వినే తీరు మార్చండి. నాన్నగారు లిస్టులో రాసిచ్చిన వరస క్యాసెట్ డబ్బాలో అట్టమీద ఆయన చేతిరాతతోనే ఉండి ఉంటుంది. లేకపోతే మీకే గుర్తుంటుంది, ఒక పాట ముగింపు తలుచుకుంటే తర్వాతిది అదే వస్తుంది. అదే క్రమంలో ఫోన్‌లో పేర్చుకోండి. చివరి పాటను మాత్రం రెండో చరణంలో, ఎక్కడ తెగేదో అక్కడే కత్తిరించండి. ఆడియో కత్తిరించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి, ఆఫీసులో కుర్రవాళ్లను అడిగితే రెండు నిమిషాల్లో చేసిపెడతారు. తెగాక ఒక నిమిషం ఖాళీ ఉంచండి. ఆ ఖాళీ నాన్నగారిది. మొత్తం ఒకేసారి, ఏదో ఒక చేతిపని చేసుకుంటూ వినండి. నాన్నగారు విన్నది కూడా అలాగే కదా, చేతిలో గుడ్డ, ఎదురుగా స్కూటర్. పాటకోసమని కళ్లు మూసుకుని కూర్చుని "రా, రా" అని పిలిస్తే జ్ఞాపకం బిగుసుకుపోతుంది.

ఆపైన రెండోవైపు ఉంది. ఉత్తరంలో మీరు పద్యాల గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ ఏడాది అంతా మొదటివైపు మీదే గడిచింది. ఆ పద్యాలు మీరు వినకుండానే విన్నారు. బయటికి పారిపోయినా గొంతు గోడ దాటి వచ్చి ఉంటుంది. పద్యం చివర రాగం తీస్తూ సాగదీసే ఆ ఆలాపన సందు చివరిదాకా వినిపించే రకం. ముప్పై ఏళ్లకు పైగా మీరు వాటిని ముట్టుకోలేదు, కార్లో మోగించలేదు, ఏడవలేదు. వాటికి అతుక్కున్నది అప్పటిదే. ఎక్కడికి పారిపోయేవాళ్లు, ఎవరింటి మెట్లమీద కూర్చునేవాళ్లు, పద్యం అయ్యాక నాన్న ఏమని కేకేసేవారు, ఇవి ఆ పద్యాల్లో ఉంటాయి. నాన్నగారికి పద్యమంటే ఎందుకంత ఇష్టమో కూడా ఇప్పుడు వింటే తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లవాడికి పద్యం సాగుడుగా ఉంటుంది. 44 ఏళ్ల వాడికి అలా ఉండదు.

అవి విన్నప్పుడు ఏదైనా గుర్తొస్తే వెంటనే పాట ఆపేసి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అందంగా రాయనక్కర్లేదు. "నీలం గుడ్డ, కిరోసిన్ వాసన" అని ముక్కలు ముక్కలుగా రాసినా చాలు. గుర్తుచేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం ఎంతో కొంత మారి మళ్లీ కుదురుకుంటుంది. మొదటిసారి వచ్చింది మొదటిసారే కాగితం మీద పెడితే తర్వాత పాట మొండికేసినా నోట్‌బుక్ ఉంటుంది.

ఇక అమ్మగారి సంగతి. సంవత్సరీకం రోజు పాటలు వేయకండి. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

మీరు ఒక వాక్యం రాశారు: చివరి రెండు నెలలు రాత్రిళ్లు ఈ పాటలు పెట్టింది అమ్మే. మీకు ఆ పాట ఆదివారం పొద్దు. ఆమెకు అది మంచం పక్కన కుర్చీ, చిన్న సౌండులో ఫోన్, మందు టైమ్ కోసం మేలుకొని ఉండటం. ఒకే ఇంట్లో, ఒకే పాట, ఒకే మనిషి గురించి. కానీ మిమ్మల్ని తీసుకెళ్లేది ఎనిమిదో ఏటికి, ఆమెను తీసుకెళ్లేది పోయిన ఏడాదికి. మీరు నాన్న దగ్గరికి వెళ్లాలనుకుని నొక్కే మీట ఆమెను తిరిగి ఆ గదిలోకి నెడుతోంది. ఆమె "ఆపరా" అంటోందంటే ఆయన్ని మరిచిపోవాలనుకుంటోందని అనుకోకండి. ఇంట్లో అయితే లోపలికి వెళ్లిపోతోంది. సంవత్సరీకం రోజు హాల్లో చుట్టూ బంధువులుంటే లేచి వెళ్లడానికి కూడా ఉండదు. నలుగురూ చూస్తుండగా కూర్చుని భరించాలి. "నాన్నకిష్టమైన పాటలు కదా వదినా" అని ఎవరో ఒకరు ఓదార్చబోతారు కూడా. ఆ పరిస్థితి ఆమెకు తేవద్దు. నాన్నగారి పేరున డిపోలో ఆయనతో పనిచేసిన నలుగురినీ పిలిచి భోజనం పెట్టండి, వాళ్లు చెప్పేవి వినండి. ఆ రోజుకు అది చాలు.

అయితే అమ్మ దగ్గర ఇంకా చాలా ఉంది. ఇలా ఆలోచించండి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయారు. నాన్నగారు ఆ క్యాసెట్ నింపించుకునే నాటికే ఆయన పోయి పదిహేనేళ్లు. అంటే వాకిట్లో స్కూటర్ తుడుస్తూ మీ నాన్నగారు విన్నవి కూడా పాత పాటలే, ఆయన కుర్రతనం నాటివి. మనిషికి పదికీ ముప్పైకీ మధ్య వయసులో జరిగినవి మిగతా జీవితం కన్నా ఎక్కువగా గుర్తుంటాయని, ఆ వయసులో విన్న పాటలే జీవితాంతం దగ్గరగా ఉంటాయని జ్ఞాపకాల మీద పరిశోధన చేసేవాళ్లందరూ చెప్పేదే. ఆ ఆదివారాల్లో ఆయన మనసు ఏ ఊళ్లో తిరిగేదో, ఏ టూరింగ్ టాకీస్‌లో కూర్చునేదో మీకు తెలియదు. అమ్మకు తెలిసే అవకాశముంది. పెళ్లైన కొత్తలో ఆయన ఏ పాట పాడేవారో ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఎందుకు వద్దంటున్నావు?" అని మాత్రం అడక్కండి, నిలదీసినట్టుంటుంది. సంవత్సరీకం హడావుడి అంతా అయిపోనివ్వండి. ఒక రోజు ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మీరూ ఒక పళ్లెం ముందు కూర్చోండి. ఫోన్ వేరే గదిలో పెట్టి రండి. "నాన్నకు ఈ పాటల పిచ్చి ఎప్పటి నుంచమ్మా?" అని అడిగి ఊరుకోండి. చెబితే వినండి. చెప్పకపోతే చిక్కుడుకాయలు అయ్యేదాకా కూర్చుని లేచి రండి, ఇంకో రోజు ఉంటుంది. ఆమె ఆ రాత్రుల గురించి మొదలుపెడితే మధ్యలో ఆపకండి, మాట మార్చకండి. ఆ రెండు నెలలు ఆమె ఒక్కతే మోసింది, దాన్ని వినే మనిషి ఆమెకు కావాలి. ఆ మాటలన్నీ బయటికి వచ్చాక, ఎన్నాళ్లకో, ఆమే ఏదో ఒక పాట పెట్టమని అడగవచ్చు. అడగకపోవచ్చు కూడా. అప్పటిదాకా మీ పాటలు మీ చెవులకే, హెడ్‌ఫోన్స్‌లో.

ఒక్క సంగతి గమనించండి. పాటలు వద్దనడం వరకే అయితే ఫర్వాలేదు. అమ్మ సరిగా తినకపోవడం, రాత్రంతా మేలుకోవడం, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోవడం వారాల తరబడి సాగుతుంటే డాక్టరుకు చూపించండి. వెళ్లడానికి ఇష్టపడకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. మీకోసం కూడా చేయవచ్చు.

పాప అన్న మాట మిమ్మల్ని గుచ్చుకున్నట్టుంది. నన్నూ ఆపేసింది. పాటకు మీరు ఏది అతికిస్తున్నారో ఆ పిల్ల చూసి ఉన్నదున్నట్టు చెప్పింది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ అనే ఇద్దరు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఇరవై ఏళ్ల వయసు విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా హిట్టయిన పాటలు వినిపించారు. తమ కాలం పాటలు బాగా గుర్తుండటం మామూలే. కానీ తాము పుట్టకముందువి, తల్లిదండ్రులు యువతీయువకులుగా ఉన్న 1980ల మొదట్లో వచ్చినవి కూడా ఆ పిల్లలకు ప్రత్యేకంగా దగ్గరగా ఉన్నట్టు తేలింది. ఇంకా వెనక్కి, 1960ల పాటలకూ కొంత అలాగే ఉంది. పెద్దవాళ్లు ఇంట్లో వింటూ ఉంటే పాటలు అలా చేతులు మారతాయి. మీరే చూడండి, మీరు పుట్టకముందు పాటలు మీ సొంత చిన్నతనమైపోయాయి.

మీ పాప సరిగ్గా పాటలు అలా చేరే వయసులోనే ఉంది. ఇప్పుడు ఆ పాట ఆమెలో ఎలా చేరితే అలాగే ఉండిపోతుంది. డాడీ స్టీరింగ్ పట్టుకుని ఏడ్చే పాటగా చేరడం మీకూ ఇష్టం ఉండదు, నాన్నగారికీ ఇష్టం ఉండేది కాదు. విరామం అయ్యాక, ఒక ఆదివారం అమ్మ గుడికి వెళ్లిన టైమ్ చూసుకుని, పాపతో కలిసి తన సైకిల్ కడుగుతూ ఆ వరస పెట్టండి. ముందుగా ఏమీ వివరించకండి, తాతయ్య గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. చివరి పాట తెగిన చోట ఆమె "ఏమైంది?" అని తప్పకుండా అడుగుతుంది. అప్పుడు తాతయ్య ఏం చేసేవాడో చెప్పండి, ఆ చరణం మీరే పాడండి. గొంతు బాగుందా లేదా అనేది ఆమెకు పట్టదు.

చివరిగా క్యాసెట్. పాడవుతుందని దాచారు గానీ, వాడకుండా ఉంచినా టేపు పాతబడుతూనే ఉంటుంది. ఇప్పటికే 35 ఏళ్లు దాటింది. ఇంక ఆలస్యం చేయకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించండి. దానికి ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపును వెలుతురులో చూడండి. చుట్టల అంచుమీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే ఎందులోనూ పెట్టకండి, అలాంటివి శుభ్రం చేసి ఎక్కించేవాళ్లకే ఇవ్వాలి. టేపుకు వెనక ఆనుకుని ఉండే చిన్న మెత్తటి దిండు ఊడిపోయిందేమో చూడండి. అది లేకపోతే సౌండ్ బొంగురుగా, ముద్దగా వస్తుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే టేపును ఇంకో మంచి క్యాసెట్ ప్లాస్టిక్ తొడుగులోకి మార్చవచ్చు. పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలు ఇంకా ఉంటే విరిచేయండి. అవి విరిచేస్తే పొరపాటున రికార్డ్ మీట నొక్కినా దిగదు, పాటలు చెరిగిపోవు.

టేప్‌రికార్డర్ కోసం కోఠి గుజరాతీ గల్లీ వైపు వాకబు చేయండి, లేదా గురువారం జుమేరాత్ బజార్‌లో వెతకండి. ఇంట్లో పాతది ఉంటే అదే బాగుచేయించండి. లోపల రబ్బరు బెల్టులు సాగిపోయి ఉంటాయి, అవి మార్పించకపోతే ఘంటసాల గొంతు నీరసంగా ఈడ్చుకుంటూ వస్తుంది. హెడ్‌ను దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిపించండి. రిపేరు అయిన వెంటనే నాన్నగారి క్యాసెట్ అందులో పెట్టొద్దు. ఎవరింట్లోనో పనికిరాకుండా పడి ఉన్న వేరే క్యాసెట్ రెండువైపులా పూర్తిగా వేసి, టేపు చుట్టుకుపోకుండా తిరుగుతోందని తేలాకే ఇది పెట్టండి. మొదట ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి అంటుకున్న చుట్టలు వదులవుతాయి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోవైపు 45 నిమిషాలూ ఆపకుండా ఎక్కించండి. చాలా ల్యాప్‌టాప్‌లలో బయటి సౌండ్ తీసుకునే రంధ్రం ఉండదు, దానికి చిన్న యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. వేవ్ (.wav) ఫైల్‌గా దాచుకోండి. హిస్ శబ్దం తీసేస్తానని, పాటల మధ్య ఖాళీలు కత్తిరిస్తానని ఎవరన్నా ఒప్పుకోకండి. ఆ శబ్దం, ఆ ఖాళీలు, చివర్లో పాట తెగడం, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు కావాలి.

కాపీ అయ్యాక ఒకటి మీ చెల్లెలికి పంపండి. ఏ మాటా జతచేయకుండా రెండోవైపు ముందు పంపండి. పాటల పట్టింపు లేదంటున్నారు గానీ, పద్యాలు మొదలవగానే మీతోపాటు పరిగెత్తింది ఆమే. ఒకట్రెండు రోజులాగి ఫోన్ చేసి, ఎక్కడికి పారిపోయేవాళ్లో అడగండి. ఆమె చెప్పేది మీకు గుర్తున్నదానితో కలవకపోతే సరిదిద్దకండి. నోట్‌బుక్‌లో ఆమె పేరుతో వేరే పేజీ పెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.